ఎవరి మాటా లేని బండి

ఎండాకాలం మధ్యాహ్నం నా బండి తలుపు తీస్తే ముందు ఫినాయిల్ వాసన కొడుతుంది, దాని వెనకే గొర్రెబొచ్చు వాసన. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఎక్కుతుంది. "ఇది కారా, గొర్రెల దొడ్డా?" అంటుంది. నిన్న ప్రొద్దుటూరులో తలుపులన్నీ తీసి లోపలి వేడి పోయేదాకా పక్కన నిలబడి ఉన్నాను. ఎన్నికల మైకు కట్టిన ఆటో ఒకటి చెవులు చిల్లులు పడేలా అరుచుకుంటూ పోయింది. దాని వెనక తెల్ల బండ్ల వరుస, హారన్ల మోత. ఆ వాసనా ఈ మోతా కలిసేసరికి సువార్తమ్మ టీచరు గుర్తొచ్చింది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ నేను గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోతున్నానంటే అది ఆమె చలవే. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూడనివాళ్లకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను పశువుల డాక్టర్ని. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టాను. కొండాపురం పక్కనున్న మా ఊరు గండికోట ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది, మావాళ్లు ఇప్పుడు పునరావాస కాలనీలో ఉన్నారు. చిన్నప్పుడు నన్ను జమ్మలమడుగులో మిషన్ బడి హాస్టల్లో వేశారు. అక్కడ లెక్కలు చెప్పేదీ, హాస్టలు చూసుకునేదీ సువార్తమ్మ టీచరే. పొట్టి మనిషి. గంజి పెట్టిన నూలు చీర, చంకలో గుడ్డసంచి. నవ్వితే కళ్లు మూసుకుపోయేవి, కోపమొస్తే ఇంకా మూసుకుపోయేవి. అందుకని ఆమె నవ్వుతోందో తిట్టబోతోందో నోరు తెరిచేదాకా మాకు తెలిసేది కాదు.

హాస్టలుకు బియ్యం, కందిపప్పు ఆమే కొనేది. బేరంలో ఆమె దారే వేరు. సగానికి సగం అడగదు. వెళ్లిపోతున్నట్టు నటించదు. సరుకుకు వంకలు పెట్టదు. అంగడాయన ధర చెప్పగానే ఒక్క మాట అడిగేది: "నువ్వు నష్టపోకుండా, నేను ఏడ్సకుండా ఎంతప్పా?" ఇక నోరు మూసుకుని నిలబడేది, అంతే. అంగడాయన ఫ్యాను వైపు చూసేవాడు, వీధి వైపు చూసేవాడు, చివరికి తనంతట తానే తగ్గించేవాడు. "ఈయమ్మ మాట్లాడితే బదులు చెప్పొచ్చు, మాట్లాడకుంటేనే భయమైతాది" అని ఆయన అందరి దగ్గరా వాపోయేవాడట. కానీ ఏ ఏడాదీ ఆ హాస్టలు బేరం ఆయన వదులుకోలేదు. ఆమె ఎవర్నీ ముంచదని ఆయనకు తెలుసు.

చదువై, ప్రొద్దుటూరులో సొంతంగా వైద్యం మొదలుపెట్టాక కొన్నేళ్లు మోటారు సైకిలు మీదే ఊళ్లు తిరిగాను. వెనక మందుల డబ్బా, ముందు ట్యాంకు మీద సంచి. వాన పడితే కాలనీల దారుల్లో బండి నన్ను మోసేదో, నేను బండిని మోసేవాడినో చెప్పడం కష్టం. చివరికి ఒక చిన్న ఎస్‌యూవీ కొనాలనుకున్నాను. గుంతల్లో అడుగు తగలకుండా ఎత్తుగా ఉంటుంది, వెనక సీటు మడిస్తే జబ్బు చేసిన రెండు గొర్రెలనైనా ఎక్కించుకోవచ్చు. మా మామ ఓబులేసు, అంటే మా ఆవిడ తండ్రి, ఆ మాట వినగానే మీసం దువ్వాడు. ఆయన ఒక నాయకుడి వెంట తిరిగే మనిషి. ఆ నాయకుణ్ణి ఆయన పేరుతో పిలవగా నేను వినలేదు, ఎప్పుడూ "అన్న" అనే. "అన్నతో షోరూముకు ఫోన్ చేపిస్తా అల్లుడూ. యాభై వేలు తగ్గిస్తారు. నువ్వు ఊరికే పోయి సంతకం పెట్టు" అన్నాడు.

యాభై వేలంటే మాటలా! ఎగిరి గంతేసినంత పని చేశాను. మిఠాయి పొట్లం కట్టించుకుని జమ్మలమడుగులో టీచరు ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆమె రిటైరైంది. వరండాలో ఆమె భర్త యేసురత్నం పెదనాయన చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. నేను సంబరంగా అంతా చెప్పాను. టీచరు కళ్లు మూసుకుపోయాయి. నవ్వనుకున్నాను. కాదు.

"కొనేది నువ్వు, అమ్మేది వాళ్లు. నడాన ఆయప్ప మాట ఎందుకొచ్చెరా?" అంది.

"ఊరికే తగ్గిస్తామంటే వద్దంటారా టీచరమ్మా!"

"ఊరికేనంట. వింటాండావా?" అని ఆమె భర్త వైపు చూసింది.

పెదనాయన చిక్కుడుకాయ పక్కన పెట్టాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు జమ్మలమడుగు నుంచి పులివెందులకు సర్వీసు జీపు తిప్పేవాడని నాకు తెలుసు. ఎందుకు మానేశాడో మాత్రం తెలియదు. ఆ రోజు చెప్పాడు. ఆ జీపు కొన్నప్పుడు ఒక నాయకుడు ఒక్క మాట చెప్పి ధర తగ్గించాడట. తర్వాత రెండేళ్లు ఎవరూ ఏమీ అడగలేదు. ఎన్నికలు రాగానే మనిషి వచ్చాడు, "ఒక్క పూటకు జీపు పంపు" అని. కాదనడానికి నోరు రాలేదు. వేరేవాళ్ల చేతికిస్తే ఎక్కడ పాడు చేస్తారోనని తనే నడుపుకుంటూ వెళ్లాడు. దారిలో అవతలి వర్గంవాళ్లు అడ్డగించారు. బాంబులు పడ్డాయి. ఈయన పొద్దుతిరుగుడు చేలో పడి పరిగెత్తి బతికాడు, జీపు కాలిపోయింది. ఆ కొట్లాటలో రెండు వైపులా కేసులు పెట్టుకున్నారు. ముద్దాయిల్లో ఈయన పేరూ ఎక్కింది.

"నేను గులకరాయి గూడా ఎత్తల్యా నాయనా" అన్నాడు పెదనాయన. "బండి నీదే గదా అన్నారు. నాదే. ఏమని చెప్పేది?"

ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలు. వాయిదా రోజున టీచరు బడికి సెలవు పెట్టి, టిఫిన్ క్యారియరు పట్టుకుని ఆయన వెంట వెళ్లేది. ఆమె అప్పుడప్పుడు బడికి రాకపోతే ఆ రోజు లెక్కల క్లాసు తప్పిందని మేము పండగ చేసుకునేవాళ్లం. ఎక్కడికి వెళ్లేదో మాకేం తెలుసు! చివరికి కేసు కొట్టేశారు. అప్పటికి ఆ రెండు వర్గాల పెద్దలూ ఒకే పార్టీలో చేరి, ఒకే వేదిక మీద దండలు వేయించుకుంటున్నారు. పెదనాయన మాత్రం మళ్లీ స్టీరింగు ముట్టలేదు.

నాకు ఉక్రోషం వచ్చింది. "ఆ కాలం వేరు టీచరమ్మా. ఇప్పుడు బాంబులెక్కడివి?" అన్నాను.

"బాంబులు పోయినాయి. అడిగేది పోయిందా?" అంది ఆమె. "నువ్వు రెండు పార్టీల ఊర్లకూ పోయేవానివి. బండి ఒకరిదని పేరు పడితే రెండో ఊర్లో నిన్ను రానిస్తారా?"

మా సీమలో కొన్ని ఊళ్లలో రెండు పార్టీలకు రెండు టీ అంగళ్లుంటాయి. ఒకచోట తాగినవాడు రెండోచోట తాగడు. కొత్త బండి వస్తే ముందు అది ఎవరిదని చూస్తారు, తర్వాతే అందులో ఎవరున్నారని చూస్తారు. నా గొర్రెలు, నా మందులు, నా బతుకు అన్నీ ఆ ఊళ్లలోనే. యాభై వేలకు ఆశపడి వాటిలో సగం ఊళ్లకు నేనే తలుపులు మూసుకోబోయాను.

కానీ ఇంకో చిక్కు. అన్న ఇస్తానన్నది వద్దంటే అది అవమానం. పిల్లనిచ్చిన మామ ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? ఆ సంగతి చెబితే టీచరు గుడ్డసంచి అందుకుని, "నేనూ వస్తా పద" అంది.

మర్నాడు ప్రొద్దుటూరు షోరూము గుమ్మంలోనే మామ ఫోను చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. టీచరు ఆయనకు నమస్కారం పెట్టి, పక్కకు పిలిచి, మెల్లగా అడిగింది.

"మీ అన్న మాటకు శానా విలువ ఉండాది గదప్పా?"

"ఉండకేమమ్మా! జిల్లాలో ఎవుర్నన్నా అడుగు."

"మల్ల అంత పెద్ద మాటను ఇంత చిన్న బండికి వాడుకుంటారా? రేపు ఇంట్లో ఎవరికన్నా పానం మీదికొస్తే ఆస్పత్రిలో పనికొస్తాది. దాసిపెట్టుకో. బండి బేరం మేము చూసుకుంటాం. అన్నకు గూడా ఇదే మాట చెప్పు, సంతోషిస్తాడు."

మామ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "నిజమేనమ్మా, ఇంత దానికి అన్నను కదిలిచ్చేదేంది!" అని అక్కడే ఫోన్ చేసి ఆ మాటే చెప్పాడు. అవతల అన్న గట్టిగా నవ్వడం మాకూ వినిపించింది. నా నెత్తిన ఉన్న బండ సగం దిగింది.

ఇక బేరం. షోరూము మేనేజరు టై కట్టుకున్న కుర్రవాడు, కోస్తా యాస. కాగితం మీద బండి ధర, దాని కింద ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, హ్యాండ్లింగ్ చార్జీలు, అలంకారాల కిట్టు అని వరుసగా రాసి, మొత్తం చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. టీచరు మొత్తం వైపు చూడనేలేదు. పై నుంచి ఒక్కొక్కటీ వేలు పెట్టి అడిగింది.

"కిట్టులో ఏముంటాయి నాయనా?"

"మ్యాట్లు, సీటు కవర్లు, పర్‌ఫ్యూమ్, మెడ దిండ్లు మేడమ్."

"మావాని బండెక్కేది గొర్రెలు. వాటికి సెంటు యాడ కొట్టాల? దిండు యాడ పెట్టాల?"

పక్కన కాగితాలు రాస్తున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేక టేబులు కిందికి వంగింది. కిట్టు పోయింది. హ్యాండ్లింగ్ చార్జీల దగ్గర, "ఇది సర్కారుకా, మీకా?" అని అడిగింది. కుర్రవాడు తడుముకున్నాడు. అదీ పోయింది. ఇన్సూరెన్సు బయట కట్టుకుంటామని ముందురోజే ఫోన్లో కనుక్కున్న ధర చెప్పింది. సరే, దానికే ఇస్తామన్నారు. అంతకుముందు వారం కడప షోరూము వాళ్లు రాసిచ్చిన ధరల కాగితం నా జేబులోనే ఉంది. తీయబోతే వద్దని కళ్లతోనే చెప్పింది. చివరికి పాత మాటే అడిగింది: "నువ్వు నష్టపోకుండా, మేము ఏడ్సకుండా ఎంతప్పా?"

మళ్లీ అదే మౌనం. మా మామకు మౌనం అలవాటు లేదు, కుర్చీలో ఎలక దూరినట్టు కదులుతున్నాడు. మేనేజరు లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. "మేడమ్, నెలాఖరు కాబట్టి ఇస్తున్నాం. ఇంతకంటే దిగితే నా జీతంలో కోస్తారు" అని ఒక అంకె రాశాడు. మొదట చెప్పినదాని కంటే నలభై వేలు తక్కువ. టీచరు అతని ముఖం చూసింది. "నీ జీతం కోయించుకోవద్దులే నాయనా" అని లేచి, అతనికి చేయి కలిపింది.

బయటికొచ్చాక నా నోరు ఊరుకోదు కదా, "అన్న మాటతో పోతే ఇంకో పదివేలు మిగిలేవి" అన్నాను.

"ఆ పదివేలూ కోర్టు వాయిదాలకు పోకుండా కట్టినావనుకో" అంది.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. నామినేషన్ల ముందురోజు ముగ్గురు మనుషులు మా ఇంటి ముందు మోటారు సైకిళ్లు ఆపారు. మర్యాదగానే మాట్లాడారు. "డాక్టరూ, రేపు బండి ఒక్క పూటకు పంపు. అన్న మాటతోనే గదా తెచ్చుకుంటివి." ఒక్క పూట! పెదనాయన చెప్పిన మాటే, అక్షరం మారలేదు. నేను టీచరు మాటే చెప్పాను: "అన్న మాట పెద్దదని వాడుకోల్యాప్పా. షోరూములో అడగండి." వాళ్లలో ఒకడు నిజంగానే అక్కడికక్కడ ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. అవతల ఆ మేనేజరే. "ఆ బండా? దానికి ఎవరి రికమెండేషనూ లేదన్నా. ఒక టీచరమ్మ వచ్చి మాకు చుక్కలు చూపించి కొనుక్కెళ్లింది" అన్నాడు. వాళ్లు పకపకా నవ్వి, మంచినీళ్లు తాగి, వెళ్లిపోయారు.

మరుసటి రోజు ఊరేగింపులో రాళ్లు పడ్డాయి, అద్దాలు పగిలాయి, రెండు వైపులా కేసులయ్యాయి. నేను కొన్న నెలలోనే, అన్న మాటతో, అదే రకం బండి కొన్న ఎరువుల అంగడాయన పేరు కూడా కేసులో పడింది. ఆయన ఆ రోజు అంగట్లోనే కూర్చుని ఉన్నాడు. ఊరేగింపుకు ఆయన బండి వెళ్లింది, అంతే.

ఆ వార్త విన్న సాయంత్రమే జమ్మలమడుగు వెళ్లాను. వరండాలో పెదనాయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "నీ పేరుందా?" అన్నాడు.

"లేదు పెదనాయనా."

"వాయిదా ల్యా?"

"ల్యా."

ఆయన చేయి చాపాడు. "తాళం ఇట్లియ్యి." టీచరు లోపలి నుంచి వచ్చి, "రేయ్, నువ్వు పక్కన కూర్చో. ఆయన గేర్లు మర్చిపోయింటాడు" అంది. ఆయన ఏమీ మర్చిపోలేదు. చర్చి గేటు దాకా మనిషి నడిచేంత మెల్లగా తీసుకెళ్లి, మళ్లీ ఇంటి ముందుకే తెచ్చి ఆపాడు. దిగి, బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. టీచరు కళ్లు మూసుకుపోయాయి. ఆ సారి నవ్వే, కాకపోతే చెంపలు తడిసిపోయి ఉన్నాయి. నేనూ ఏడ్చాను. సిగ్గేముంది!

ఆమె పోయి రెండేళ్లవుతోంది. పిన్నీసు కొన్నా, పొలం కొన్నా, ధర కంటే ముందు ఇందులో ఎవరి మాట ఉందో చూసుకోవడం నాకు అలవాటైపోయింది. నిన్న ఆ తెల్ల బండ్లన్నీ దాటిపోయేదాకా ఆగి, ఫినాయిల్ వాసనలో కూర్చుని బయల్దేరాను. వైద్యానికి వెళ్లిన ఊరి మొదట్లో ఎన్నికల కాపలా కాస్తున్న పార్టీవాళ్లు కర్ర అడ్డం పెట్టారు. కొత్తవాడెవడో వంగి చూస్తూ, "ఈ బండి ఎవురిదప్పా?" అన్నాడు. టీ అంగడి లోపలి నుంచి ఒక ముసలాయన తలైనా తిప్పకుండా జవాబిచ్చాడు.

"డాక్టరుది. పోనియ్యి."