మొదటి బకెట్ నీళ్లు

అనుమానించడానికే గున్‌వోర్‌కి జీతమిచ్చేవారు. లిండ్‌హుట్టా గాజు కార్ఖానాలో, పెళ్లికి ముందు నుంచి అది మూతపడేదాకా, ప్రతి గ్లాసునూ వెలుతురుకి ఎత్తి, గోటితో మీటి, బీట కనబడితే చెత్తకుప్పకి పంపేది. మొగుడు ఊదిన గ్లాసులనీ వదల్లేదని ఊళ్లో చెప్పుకుంటారు. అబద్ధమేమీ కాదు.

ఆ కుప్పే చివరికి ఊరి ప్రాణం మీదికొచ్చింది. గాజులో కలిపిన ఆర్సెనిక్ విషం వానలకి నేలలోకి దిగిందన్నారు. జిల్లావాళ్లు కుప్పని తవ్వి పట్టుకుపోయారు. నేలలో విషం ఇంకా ఎంతుందో చూడటానికి చుట్టూ సన్నటి గొట్టాలు దింపారు. వాటిలో ఒకటి గున్‌వోర్ కంచె పక్కనే ఉంది. ఏటా మంచు కరగగానే హెన్నింగ్ అనే ఉద్యోగి వచ్చి గొట్టాల్లోంచి నీళ్లు పట్టి పరీక్షకి పంపుతాడు. వంటింటి బావి నీళ్లూ ఇమ్మని బతిమాలతాడు. ఆవిడ మొహం మీదే తలుపేస్తుంది. విషముందని రాసేసి ఇంటిని కారుచౌకగా కొట్టేసే ఎత్తని ఆవిడ నమ్మకం. కూతురు మారిట్, ఇంకా బడికెళ్లని మనవరాలు స్వెయా, ఆవిడా తాగేది ఆ బావి నీళ్లే.

ఈ ఏడు కర్టెన్ సందులోంచి చూస్తే, హెన్నింగ్ తోడిన నీళ్లన్నీ బకెట్లలో నింపి పక్కన పెడుతున్నాడు తప్ప సీసా తియ్యడం లేదు. ఆవిడ బూట్లు తొడుక్కుని ఉరికింది.

"ఏమయ్యోయ్! మంచినీళ్లన్నీ పక్కన పెట్టి, విషమొచ్చేదాకా తోడుతున్నావా? నాకు కళ్లు లేవనుకున్నావా?"

"లేవని ఎవరన్నారు? ఇందాకట్నుంచీ మీ కర్టెన్ ఊగుతూనే ఉందిగా!" అని నవ్వాడు హెన్నింగ్. "గొట్టంలో నిలవున్న నీళ్లు నిజం చెప్పవండీ. అవి తోడేస్తే నేలలోంచి కొత్తవి ఊరతాయి. పరీక్షకి అవే కావాలి."

"నీ కబుర్లు ఎవరికి కావాలి? మొదటి బకెట్ నీళ్లు కూడా పంపు."

"మీ చేత్తోనే పట్టివ్వండి."

ఆవిడ మొదటి బకెట్‌లోంచి ఒక సీసా, కొత్తగా ఊరిన నీళ్లు ఒక సీసా పట్టి, దారిలో ఎవరూ విప్పకుండా మూతలకి ఊలు దారం చుట్టి తనకే తెలిసిన ముడి వేసింది. అప్పటికీ నమ్మకం కుదరక కారు కనుమరుగయ్యేదాకా కంచె దగ్గరే నిలబడింది.

ఫలితం పోస్టులో వచ్చింది. మొదటి బకెట్‌లో విషం లేనట్టే. తరవాతి సీసాలో బోలెడు. గున్‌వోర్ ఎగిరి గంతేసినంత పని చేసింది. దారిలో కనబడ్డవాళ్లందరికీ ఆ కాగితం చూపించి, వంటింట్లోకొచ్చి మారిట్ ముందు పరిచింది.

"చూశావుటే! నేను చెప్పలా? నిలవున్న నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. తోడగా తోడగా విషమొచ్చింది. ఈ దొంగ వెధవలు..."

మారిట్ ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"అమ్మా, మనం పొద్దస్తమానం తోడుతూనే ఉంటాం కదా. మన బావిలో నీళ్లు నిలవుండేదెప్పుడు?"

గున్‌వోర్ చప్పున వెనక్కి తిరిగింది. బల్ల దగ్గర స్వెయా నీళ్లు తాగుతోంది. ఆవిడ ఒక్క ఉదుటున గ్లాసు లాక్కుంది. పిల్ల బెదిరి ఏడుపు లంకించుకుంది. ఎన్నేళ్లు తలుపేసిందో ఆవిడకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. వెంటనే హెన్నింగ్‌కి ఫోను చేసింది.

"రేపు రా నాయనా, మా బావి నీళ్లు పట్టుకెళ్లు. రేపు కాదు... ఇప్పుడే రా."