నిలువుగీత మాస్టారు

పొద్దున ఎనిమిదింటికి మాస్టారు క్యాంటీన్లో ఒక గుక్క టీ తాగి, "చిక్కగా ఉంది" అన్నారు. టీ పోసినాయన ముఖం వికసించబోయింది. "అయితే చల్లారిపోయింది" అన్నారు మాస్టారు. ముఖం మళ్ళీ ముడుచుకుంది. ఇది రోజూ ఉండేదే. ఒక మంచి చెప్పి పక్కనే ఒక చెడు చెప్పకపోతే ఆయనకి తిన్నది అరగదు. కాగితం కనిపిస్తే నడిమధ్య గీత గీసి, ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు రాస్తారు. అందుకే మా మందుల కర్మాగారంలో ఆయన పేరు నిలువుగీత మాస్టారు.

కొత్తగా చేరినవాళ్ళకి బయోరియాక్టర్ల గురించి చెప్పడం ఆయన పని. సూక్ష్మజీవులకి మేతా, గాలీ, వెచ్చదనం అమర్చి వాటిచేత మందు తయారు చేయించే మూతపెట్టిన పాత్రలవి. పక్క గదిలో రోజువారీ నివేదికలు రాసుకునే నాకు ఆ పాఠం ముప్ఫై ఏళ్ళుగా వినీ వినీ కంఠతా వచ్చేసింది.

"రెక్కలు తిప్పే ట్యాంకుంది చూశారూ, అది మేనత్తలాంటిది. ఏ పని అప్పజెప్పినా చేసిపెడుతుంది. అయితే విసురు జాస్తి. సుకుమారమైన కణాలు చితికిపోతాయి."

"గాలి బుడగలతో కలిపేది సార్?"

"అది చిన్నాన్న. రెక్కలుండవు, రభస ఉండదు, కరెంటు తక్కువ. అయితే చిక్కటి సరుకు పోశారో, చేతులెత్తేస్తుంది."

"పూసలు నింపింది?"

"తాతగారు. కణాలు పూసలకి అతుక్కుని కుదురుగా కూచుంటాయి. అయితే లోపల ఎక్కడో పూడుకుపోతుంది, పైకి చెప్పదు."

"ఇంతకీ ఏది మంచిది సార్?"

"లోపల బతకాల్సినవాణ్ణి అడుగు."

మేనేజరుగారి పెద్దమ్మాయి పెళ్ళికి మాస్టారు వెళ్ళి, "అల్లుడు మంచి పొడగరి. అయితే ఫోటోల్లో తల తెగుతుంది" అన్నారు. రెండో అమ్మాయి పెళ్ళికి మేనేజరు స్వయంగా వచ్చి పిలిచాడు. "మాస్టారూ, మీరు తప్పకుండా రావాలి. అయితే మాట్లాడకూడదు."

ఇంట్లోనూ అంతే. "వంట బాగుంది. అయితే ఎక్కువైంది" అంటే, వాళ్ళావిడ తలెత్తకుండానే, "మాటలు కూడా" అంటుంది.

మొన్న ఆరు నెలల సర్వీసున్న ఆపరేటరు అమ్మాయి ఒకామె, ట్యాంకులో ఆక్సిజన్ తగ్గుతోందని కంగారుపడి రెక్కల వేగం పెంచేసింది. నురుగు పొంగి, గాలి బయటికి పోయే ఫిల్టరు తడిసి, బయటి క్రిములు చొరబడి, సరుకంతా పారబోయాల్సి వచ్చింది. మర్నాడే ఆ అమ్మాయిని తీసెయ్యాలని కాగితం తయారైంది. అందులో ఏడు తప్పులు. మేనేజరు సంతకం పెట్టి, నన్ను వెంటబెట్టుకుని మాస్టారి గదికి వచ్చాడు. పని నేర్పిన మాస్టారి సంతకం ఒక్కటే తక్కువ. ఆ అమ్మాయి టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

మాస్టారు రెండుసార్లు చదివారు. "ఏడూ నిజమే" అన్నారు.

అమ్మాయి తల దించుకుంది.

"అయితే," అని ఆయన పెన్ను తీసి నడిమధ్య గీత గీశారు. "ఎడమవైపు ఖాళీగా ఉందేం? సగం కాగితం మీద నేను సంతకం పెట్టను."

"రాయడానికేముందండీ?" అన్నాడు మేనేజరు విసుగ్గా.

"సరుకు పాడైందని ఎవరు చెప్పారు?"

"ఆ అమ్మాయే."

"ఎంతసేపట్లో?"

"పది నిమిషాల్లో."

"కుర్రతనంలో మీరు పాడుచేసినప్పుడు ఎన్నాళ్ళకి చెప్పారు?"

మేనేజరు ఫ్యాను వైపు చూశాడు. మూడో రోజున చెప్పాడు. ఆ రోజు నివేదిక రాసింది నేనే.

"అప్పట్లో మిమ్మల్ని తీసెయ్యమన్న కాగితానికి తిప్పలుపడి నాలుగు లాభాలు వెతికాను. ఈ పిల్లకి అప్పుడే అయిదు తేలాయి. చదవమంటారా?"

"వద్దులెండి" అని మేనేజరు కాగితం మడిచి నాకిచ్చాడు. అమ్మాయికి ఒక హెచ్చరిక, నెల రోజులు మళ్ళీ మాస్టారి పాఠం. రెండోదే పెద్ద శిక్ష అని క్యాంటీన్లో అనుకున్నారు.

"చాలా థాంక్స్ మాస్టారూ" అంది ఆ అమ్మాయి టోపీ పెట్టుకుంటూ.

"నిజం చెప్పావు, బాగుంది. అయితే టోపీ తిరగేసి పెట్టుకున్నావు."

మడిచిన కాగితాన్ని నా బీరువాలో పాత తీసివేత కాగితాల మీద పెట్టాను. నిలువుగీత ఉన్నవి దాంతో కలిపి పద్నాలుగు. ఆ పద్నాలుగు మందిలో ఉద్యోగం పోయింది ఒక్కరికే. ఆ కాగితంలో కూడా ఎడమవైపు రెండు వాక్యాలున్నాయి.