బుజ్జికో ఓటు

పిన్ని జన్మలో చెల్లే ఓటు వేసిన పాపాన పోలేదు. ఆవిడ ఉండే ఎనిమిదంతస్తుల భవనంలో ఏటా సంఘం ఎన్నికలు జరుగుతాయి. ఖాళీ చీటీ ఇస్తారు, నచ్చిన అభ్యర్థి పేరు రాసి డబ్బాలో వెయ్యాలి. పిన్ని నచ్చిన పేరే రాస్తుంది. ఆ పేరు పోటీలో ఉండదు, అంతే తేడా.

ఒక ఏడు లిఫ్టుకి వేసింది. ఎన్నికల అధికారి, అంటే కింద మందుల షాపాయన, ప్రతి చీటీనీ పైకి చదవాలని రూలు. "లిఫ్టు... ఒక ఓటు. చెల్లదు" అని చదివాడు పాపం, నవ్వు బిగబట్టుకుని.

అధ్యక్షులవారికి ఒళ్ళు మండింది. ఆయన ఆ కుర్చీ ఎక్కి ఎన్నేళ్ళయిందో కుర్చీకి కూడా గుర్తులేదు. "లిఫ్టుకి ఓటేంటండీ? అది పనిచెయ్యక మూడు నెలలైంది!"

"పనిచెయ్యకపోవడమేగా ఇక్కడ అర్హత!" అంది పిన్ని.

వారం తిరక్కుండా లిఫ్టు బాగైంది. మరుసటేడు మెట్ల దగ్గర వెలగని బల్బుకి వేసింది. అదీ వెలిగింది. ఆవిడ ఓటు చెల్లకపోయినా మాట చెల్లుతుందని జనం చెప్పుకునేవారు.

పిన్ని అక్క కొడుకు కూడా ఆ భవనంలోనే ఉంటాడు. బడిలో లెక్కల మేష్టారు. నలభై దాటినా అందరికీ బుజ్జే. అతడి నోట 'వద్దు' అన్న మాట రాదు. ఊరెళ్ళేవాళ్ళ తాళాలూ, పూలకుండీలూ, చేపల తొట్టీ అన్నీ అతడి ఇంట్లోనే ఉంటాయి. అధ్యక్షులవారి కుక్క పేరు కూడా బుజ్జే కావడం అతడి ఖర్మ. ఆయన "బుజ్జీ, ఇట్రా!" అని కేకేస్తే కుక్క కంటే ముందు మేష్టారే హాజరయ్యేవాడు. వచ్చాక కాదనలేక, ఆ కుక్కని షికారు కూడా తిప్పుకొచ్చేవాడు.

అలాంటి మనిషిని ఈ ఏడు జనం అధ్యక్షుడికి పోటీగా నిలబెట్టారు. ఆ భవనంలో నిలబడే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఇంకొకణ్ణి నిలబెట్టే ధైర్యం అందరికీ ఉంది. అప్పట్నుంచి బుజ్జికి తిండి సయించడం లేదు. గెలిస్తే ఎవరి కుళాయి కారినా తన తలుపే తడతారనీ, ఒక్కరికి కూడా వద్దని చెప్పలేక తాను చస్తాననీ అతడికి తెలుసు.

ఓట్ల రోజు హాలు గుమ్మంలో పిన్ని అతడి మణికట్టు పట్టుకుంది. ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసిన చెయ్యి అది.

"ఏరా, నాడి ఇలా పరిగెడుతోందేం? నీకు గెలవాలనుందా?"

"అందరూ అడిగారు పిన్నీ..."

"అందరి సంగతీ నాకెందుకురా? నిన్నడుగుతున్నాను."

బుజ్జి హాల్లోకి తొంగిచూసి, గుమ్మం దాటబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. పిన్ని చెయ్యి వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

లెక్కింపులో ఓట్లు ఇద్దరికీ సరిసమానంగా వచ్చాయి. సమానమైతే పాతాయనే కొనసాగాలని రూలు. ఆ రూలు రాసింది పాతాయనే. ఇంకొక్క చీటీ మిగిలింది. మందుల షాపాయన దాన్ని విప్పి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"బుజ్జి!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మేష్టారి మొహాన మాత్రం కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"చెల్లదు!" అంటూ లేచారు అధ్యక్షులవారు. "బుజ్జి అంటే ఎవరు? మిగతా చీటీల్లో ఉన్నట్టు పూర్తి పేరేదీ?"

"ఓటేసినవాళ్ళ ఉద్దేశం తెలిస్తే చాలండీ" అన్నాడు మందుల షాపాయన. "బుజ్జి అంటే ఎవరో మనందరికీ తెలుసుగా?"

"ఏం తెలుసు? మా కుక్క కూడా బుజ్జేనయ్యా!"

అప్పుడు పిన్ని లేచింది. "ఇన్నేళ్ళకి అధ్యక్షులవారి నోట ఒక్క నిజం వచ్చింది. ఆ చీటీ నాదే. నేను వేసింది కుక్కకే."

హాల్లో నవ్వులు ఆగలేదు. "కుక్క... ఒక ఓటు. చెల్లదు" అని మందుల షాపాయన తేల్చేశాడు. అధ్యక్షులవారే కొనసాగారు. కుక్క పుణ్యాన కుర్చీ దక్కిందన్న మాట ఏడాది పొడుగునా ఆయన వెంటే తిరిగింది. ఇక బుజ్జిని నిలబెట్టినవాళ్ళు పిన్ని మీద విరుచుకుపడ్డారు.

"సొంత అక్క కొడుకుని ముంచేశారు కదండీ!"

"అంత బాధగా ఉంటే వచ్చే ఏడు మీలో ఒకరు నిలబడండి. నా మొదటి చెల్లే ఓటు మీకే."

అందరికీ అర్జంటు పనులు గుర్తొచ్చాయి.

ఆ మధ్యాహ్నం బుజ్జి పిన్ని ఇంట్లో, చాన్నాళ్ళ తర్వాత కడుపునిండా తిన్నాడు. భవనమంత బరువు నెత్తి మీంచి దిగిపోయినందుకు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది అతడికి.

"పిన్నీ, నిజం చెప్పు. కుక్కకే వేశావా?"

"మరి? నీకంటే అదే నయం. ఇష్టం లేకపోతే కనీసం మొరుగుతుంది."

పిన్ని గరిటె మళ్ళీ అతడి కంచం మీదికొచ్చింది. బుజ్జి గుండె చిక్కబట్టుకుని, కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, బతుకులో మొదటిసారి ఆ మాట అన్నాడు.

"వద్దు."

పిన్ని గరిటె ఆగింది. ఆవిడ మొహం చాటంతయింది.

"అమ్మయ్య, అన్నావురా!" అంటూ అతడి చెయ్యి పక్కకి నెట్టి గరిటెడు వడ్డించింది. "కానీ ఇది చెల్లదు."