ఎడమ చెంప మీది మచ్చ

అచ్చుబొమ్మల కొట్టు ముందు జరిగిన ఆ తగవులో డామరిస్ ముసలమ్మే నెగ్గింది. ఎదురుగా ఆల్చిప్పలు అమ్ముకునే కెజయా కళ్లారా చూసింది. ఒక కుర్రదొర తాగి చెడిపోయిన కథను ఆరు బొమ్మలుగా అచ్చువేస్తే, లండన్ అంతా ఎగబడి చూసి నవ్వుకుంటున్న రోజులవి. మూడో బొమ్మలో వాడి గడియారం కొట్టేసే చెంప మీద మచ్చున్న ముసలిదాన్ని చూపించి, అటుగా వచ్చిన డామరిస్‌ను చూస్తూ కసాయి జాబ్ అరిచాడు. "గడియారాలు జాగ్రత్తర్రోయ్, బొమ్మలోది బయటికొచ్చింది!" డామరిస్ తలగుడ్డ ముడి విప్పి చెంప చూపించింది. "కళ్లు కూడా తూకానికి అమ్మేశావట్రా? నా మచ్చ ఎడమ చెంప మీద. దానిది కుడి చెంప మీద!" జనం ఈసారి జాబ్‌ను చూసి నవ్వారు.

ఆ తర్వాత ఆవిడ జోలికి ఎవరూ పోలేదు, పలకరించనూ లేదు. పగలంతా ఇంటింటికీ తిరిగి చిరిగిన లేసులు కుడుతుంది, సాయంత్రం ఆ బొమ్మ వేలాడే కొట్టు కిటికీ అద్దం ముందు ఆగుతుంది. తన ఊపిరికే అద్దం మసకబారితే మోచేత్తో తుడుచుకుని మళ్లీ చూస్తుంది. ఈ చలికాలం దగ్గు ముదిరి, కెజయా బుట్ట పక్కన కూలబడి అసలు సంగతి చెప్పింది.

"అది నేనేనే. రాగిరేకు మీద చెక్కి అచ్చేస్తే ఎడమ కుడవుతుందట, గీసినాయనే చెప్పాడు. వారం రోజులు పొయ్యి పక్కన కూర్చోబెట్టి నన్నే చూశాడు. కట్టుకున్నవాడు కూడా అంతసేపు చూసి ఎరగడు."

"దొంగదానిలా గీశాడు కదక్కా!"

"గీస్తే గీశాడు. నేను పోయాక ఎవరైనా ఆ బొమ్మ ముందు ఆగితే, అది డామరిస్సేనని చెప్పు. ముందు ఆ జాబ్‌గాడికి చెప్పు."