ఎడమ చేతి రాత

ఆదిలాబాద్‌లో ఓ కాలేజీకి ఇరవై రెండేళ్లు బాస్కెట్‌బాల్ కోచ్‌గా ఉన్న విజయేందర్‌ను ఆయన మీద ఫిర్యాదుగా వచ్చిన ఒక ఆకాశరామన్న ఉత్తరం ఉద్యోగం ఊడగొట్టి ఇంటికి పంపింది. వంకర అక్షరాల ఆ ఉత్తరం జిరాక్స్ జేబులో పెట్టుకుని ఆయన రోజూ కాలేజీ గేటు ఎదుటి చాయ్ హోటల్లో కూర్చుంటాడు. పలకరించిన ప్రతి ఆటగాడి చేతా ఏదో వంకతో నాలుగు ముక్కలు రాయించి, వాళ్లు వెళ్లాక పోల్చి చూస్తాడు. ఏ రాతా కలవలేదు. అనుమానమూ తీరలేదు.

నిన్న టీమ్ కెప్టెన్ సృజన వచ్చింది. "నీ పేరు, ఫోన్ నంబర్ రాసియ్యి బిడ్డా" అని కాగితం జరిపాడు. గుండ్రంగా రాసింది. ఆయన ముడిచిన కనుబొమలు విప్పలేదు.

"ఎడమ చేత్తోటి గూడ రాయాల్నా సార్?" నవ్విందామె. "ఆటల ఎడమ చెయ్యి గూడ తిరగాలని మా అందరితోని దినాం ఒక పేజీ రాయించింది మీరే గదా."

ఆయన చెయ్యి జేబులోని వంకర అక్షరాల మీదికి పోయింది. సృజన అప్పటికే పెన్ను చేయి మార్చింది. విజయేందర్ గబుక్కున కాగితం లాక్కున్నాడు.

"వద్దు బిడ్డా."