రాయిలో ఉన్నది

నేను రక్త, మల పరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. మట్టెవాడలో మా ఇల్లు, పది నిమిషాలు నడిస్తే ల్యాబు. పొద్దంతా మైక్రోస్కోపులో కన్ను పెట్టి, ఎవరి కడుపులో ఏ పురుగుందో చెప్పడం నా పని. అట్లాంటి దాన్ని, నా ముందుగదిలో, నా గాజు ట్యాంకులో ఏం తిరుగుతోందో మూడు నెలలు కనిపెట్టలేకపోయాను. పైగా దాని నేరాన్ని ఇద్దరి మీద మోపాను.

ట్యాంకు పిచ్చి నాదే. మామూలు చేపల తొట్టి కాదు, ఉప్పునీళ్లది. నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి, కొలత చూసి, వారం వారం మార్చుతూ పగడాలు పెంచే రకం. అందులో రెండు క్లౌన్ చేపలు, నారింజ రంగు మీద తెల్ల చారలవి. హైదరాబాదులో ఒకాయన తన ట్యాంకు తీసేస్తున్నాడని తెలిసి, ఆయన దగ్గర బొరియలు బొరియలుగా ఉన్న నాలుగు రాళ్లు తీసుకున్నాను. తడి పేపర్లలో చుట్టి, థర్మకోల్ డబ్బాలో పెట్టుకొని బస్సులో తెచ్చాను. అట్లాంటి రాళ్లలో ఏవో ఒకటి దాక్కొని వస్తాయట. ట్యాంకులు పెంచేవాళ్లు వాటిని హిచ్‌హైకర్లు అంటారు, అంటే అడగకుండా బండెక్కి వచ్చేవన్నమాట. కొన్ని నాచు తిని మేలు చేస్తాయి. కొన్ని ఇంట్లో ఉన్నవాటినే తింటాయి.

మొదటి నెలలోనే నాచు తినే నత్తల చిప్పలు ఖాళీగా దొర్లడం మొదలైంది. ఒకరోజు ఒకటి, రెండు రోజులకు ఇంకొకటి. చచ్చిన నత్త కుళ్లి వాసన రావాలి కదా? చిప్పలు కడిగి పెట్టినట్టు ఉన్నాయి. ఎవరో తింటున్నారు.

అప్పుడు కనబడింది ఎండ్రికాయ. చింతగింజంత ఉంటుంది, ఒళ్లంతా గోధుమరంగు నూగు. నేను వంగి చూస్తే రాయి వెనక్కి జరిగేది. నాకు ఆ జరగడమే అనుమానంగా తోచింది. ట్యాంకులు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే ఒకాయన, "వెంట్రుకలున్నదాన్ని నమ్మకండి" అన్నాడు. అంతే. గ్లాసులో రొయ్యముక్క వేసి, ఏటవాలుగా పెట్టి పట్టుకున్నాను. తీసి ఉప్పులేని నల్లానీళ్లలో వేశాను. కాళ్లు కొట్టుకొని కొట్టుకొని ఆగిపోయింది.

వంటింటి గడపలో నిలబడి అత్తమ్మ చూస్తోంది. ముప్పై ఏండ్లు మగ్గం మీద జంపఖానాలు నేసిన మనిషి. మోకాళ్లు పోయి ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది.

"అదేం జేసింది?" అన్నది.

"నత్తలను తిన్నది అత్తమ్మా."

"నువ్వు చూసినవా?"

ఎండ్రికాయను డబ్బాలో వేసుకొని ల్యాబుకు పోయి, కుళ్లిపోకుండా ఫార్మలిన్ సీసాలో పెట్టాను.

ఆ తర్వాత ఒక్క నత్త కూడా చావలేదు. ఇరవై రోజులు అంతా నిమ్మళం. దొంగను పట్టానని గ్రూపులో రాసుకున్నాను కూడా.

ఆ మీదట నీళ్లు చెడడం మొదలైంది. అద్దాల మీద జిగురు, పైన నూనె తేలినట్టు పొర. పరీక్ష చేస్తే రంగు ఎర్రగా తిరుగుతోంది, అంటే మేత ఎక్కువై కుళ్లుతోందని. నేను చేపలకు చిటికెడు మించి వేయను. మరి ఎక్కడినుంచి? ఒకరోజు ల్యాబునుంచి వచ్చి చూస్తే ట్యాంకు మూత అంగుళం పక్కకు జరిగి ఉంది. అంచున పసుపు వేలిముద్ర.

వంటింట్లో పసుపు ముట్టే చేతులు ఇంట్లో రెండు జతలే. ఒక జత నావి.

ఇంట్లో ఉప్పునీళ్లు నిలువ ఉంచడం మంచిది కాదని అత్తమ్మ మొదట్లో ఒకసారి అన్నది. ఆ మాట గుర్తొచ్చింది. ఎవరో ఏదో చెప్పి ఉంటారు, ఈమె నీళ్లలో ఏదో కలుపుతోంది అనుకున్నాను. మర్నాడు మూతకూ అద్దానికీ కలిపి సన్నటి టేపు ముక్క అంటించి పోయాను. వచ్చేసరికి తెగి ఉంది. నేను గదిలోకి రాగానే ఆమె చీరకుచ్చెళ్ల దగ్గర ఏదో పొట్లం దోపుకోవడం కూడా రెండుసార్లు చూశాను. మా ఆయనతో చెప్తే, "మా అమ్మ మీద నిఘా పెట్టినవా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం అడిగేశాను.

"అత్తమ్మా, నా ట్యాంకుల ఏం కలుపుతానవ్?"

ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. "నేనేం కలుపుత బిడ్డా?"

"నీళ్లు ఖరాబైతానయ్. మూత నువ్వు దీస్తానవ్. నాకు తెల్సు."

చేట మళ్లీ ముందుకు లాక్కుంది. మర్నాడు బ్యాగులో రెండు చీరలు పెట్టుకొని, వర్ధన్నపేటలో ఉన్న మా ఆడబిడ్డ దగ్గరికి పోయింది. మా ఆయన బస్సెక్కించి వచ్చి నాతో మాట్లాడలేదు. నాకు లోపల గుచ్చుకుంది. కానీ నిజం చెప్పాలంటే, ఇక నా ట్యాంకు జోలికి ఎవరూ రారనే ధీమా కూడా కలిగింది.

నాలుగో రోజు పొద్దున చూస్తే ఒక చేప లేదు.

కింద వెతికాను, ఫిల్టరు విప్పాను, స్టాండు వెనక టార్చి వేశాను. ఎముక కూడా లేదు. రెండో చేప పైన ఒక మూలకు అతుక్కుపోయి, ఎంత మేత వేసినా కిందికి దిగడం లేదు. ఎండ్రికాయ లేదు. అత్తమ్మ లేదు. ఇంట్లో నేనూ మా ఆయనే. ఫోన్ చేయక తప్పలేదు.

"అత్తమ్మా, చేప పోయింది."

"ఆకలైనట్టుంది దానికి" అన్నది.

"దేనికి?"

"ఆ రాయిల ఉంటది గద, పొడుగ్గ, జెర్రి లెక్క. నేను రోజు ఎండురొయ్య పెడ్తుంటి. నాలుగు రోజులాయె, ఎవలు పెడ్తరు?"

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"ఎండ్రికాయను ఏం జేసినవో చూసిన గద బిడ్డా."

మర్నాడు మొదటి బస్సుకే వచ్చింది. ట్యాంకు లైట్లు మధ్యాహ్నం గానీ వెలగవు. అప్పటిదాకా ముందుగది పరదాలు వేసి చీకటిగా ఉంటుంది. నేను ల్యాబులో ఉండే ఆ గంటల్లోనే ఆమె దాన్ని కనిపెట్టిందట. నత్తను బొరియలోకి గుంజుకుపోతుంటే చూసి, కడుపు నిండితే మిగతావాటి జోలికి పోదని మేత మొదలుపెట్టిందట. ఎండ్రికాయ పోయినాక నత్తలు ఎందుకు బతికాయో అప్పుడర్థమైంది.

పొట్లం విప్పి ఒక ఎండురొయ్య తీసింది. నూలుపోగుతో ముడివేసి, ఎడమవైపు రాయి ముందు వేలాడదీసింది. కూర వండుకునే రొయ్యలే, అందుకే వాసన కూడా నాకు తేడాగా తగల్లేదు.

"కదలకు" అన్నది.

ముందు మీసాల్లాంటివి బయటికి వచ్చాయి. తర్వాత తల. తర్వాత ఒళ్లు, వస్తూనే ఉంది, జానెడు దాటినా తోక కనబడలేదు. పెట్రోలు పడ్డ నీళ్లలా రంగులు తిరుగుతోంది. రొయ్యను దవడలతో పట్టి, ఒక్క గుంజుడు గుంజి మాయమైంది. పోగు తెగిపోయింది. రోజూ ఇందులో చేయి పెట్టి అద్దాలు తుడిచేదాన్ని.

ఇంకో రొయ్యకు అది మళ్లీ బయటికొస్తే ఫోన్‌లో దగ్గరగా ఫొటో తీశాను. తల మీద ఐదు మీసాలు. గ్రూపులో పెడితే, అది యునిసిడ్ అనే వేటాడే సముద్రపు పురుగు, పెరిగితే మూరలకొద్దీ పెరుగుతుంది, వెంటనే చంపమన్నారు.

"చంపుతవా?" అని అడిగింది అత్తమ్మ.

చంపలేదు. ఆ రాయిని పురుగుతో సహా బకెట్లోకి తీసి, వేరే చిన్న ట్యాంకులో పెట్టాం. ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం.

ఆరోజు ల్యాబుకు పోయి ఫార్మలిన్ సీసా కిందికి దించాను. పళ్లెంలో పోసి లెన్సు కింద పెట్టాను. వేటాడే ఎండ్రికాయల కొండీల కొసలు సూదిలా ఉంటాయని, నాచు గీక్కుని తినేవాటివి చెంచాలా గుంటగా ఉంటాయని ఎప్పుడో చదివాను. దీనివి చెంచాలే. చంపే ముందు చూడాల్సిన పని అది.

ఇంటికొచ్చి అత్తమ్మ పక్కన కూర్చున్నాను. "ఎండ్రికాయ ఏం జెయ్యలే" అన్నాను.

"నేను గూడ" అన్నది, టీవీ మీదినుంచి కళ్లు తిప్పకుండా.

"తప్పైంది అత్తమ్మా."

"సరే, అన్నం తిను పో. చల్లారింది."

తర్వాత చాలా రోజులు ఆమె నాతో అవసరమున్నంతే మాట్లాడింది. మెల్లగా మామూలైంది. చిన్న ట్యాంకు వంటింటి కిటికీ పక్కన ఉంది, రెండు రోజులకొకసారి మేత ఆమె చేతిమీదే. పెద్ద ట్యాంకులో ఒంటరి చేపకు ఇంకొకదాన్ని జత తెచ్చాను. ఇప్పటికి నాలుగు నెలలు, రెండూ బాగున్నాయి. అయినా పొద్దున్నే మిగతా మూడు రాళ్ల బొరియల్లోకి టార్చి వేసి, ఒక్కొక్కటే చూడనిదే నేను ల్యాబుకు పోను.