అన్నవాళ్లను తీసుకురండి

చెవుల డాక్టరుగారి దగ్గరికెళ్లి "నా చెవులు బాగాలేవు, సరిచేయండి" అంటే ఆయన కత్తివైపు చూసేవారు కాదు, తలుపువైపు చూసేవారు. "బాగాలేవని ఎవరన్నారు? వాళ్లను తీసుకురండి" అనేవారు.

అలా వెంట వచ్చినవాళ్ల గతి ఆయన దగ్గరే పనిచేసే నర్సమ్మకు బాగా తెలుసు. ఒకసారి పెళ్లి కుదిరిన అమ్మాయి వచ్చింది. చేట చెవులన్నది కాబోయే అత్తగారు. మర్నాడు ఆవిడ దర్జాగా వచ్చి కూర్చుంటే, డాక్టరుగారు స్కేలు పట్టుకుని ఆవిడ చుట్టూ ప్రదక్షిణం చేశారు.

"మీ కళ్లజోడు ఒక పక్కకి ఒరిగిపోతుంటుందా అమ్మా?"

"అవునండీ. ఆ షాపువాడికి పని రాదు."

"వాడి తప్పేం లేదు. మీ ఎడమ చెవి కాస్త కిందకి దిగింది. ముందు మీకు కోద్దాం, కోడలి సంగతి తర్వాత."

ఆవిడ మళ్లీ కోడలి చెవుల ఊసెత్తలేదు. పెళ్లి ఫోటోలన్నిటిలోనూ ఎడమ పక్క కనబడకుండా నిలబడ్డారట. గుమాస్తా చెవుల్ని వెక్కిరించిన ఆఫీసరుగారినైతే డాక్టరుగారు "చెవుల్లో ఈ జుట్టు రోజూ దువ్వుకుంటారా?" అని ఎంతో మర్యాదగా అడిగారు.

"వచ్చిన బేరాన్ని గుమ్మంలోంచే తరిమేస్తే ఇల్లెలా గడుస్తుందండీ?" అని భార్య పోరు పెట్టేది. లోకంలో అందరి చెవులూ చూసే మనిషి ఆ ఒక్క మాట చెవిన పెట్టేవారు కాదు. పుట్టుకతో సగం చెవే ఉన్న పసివాళ్లో, ప్రమాదంలో చెవి తెగినవాళ్లో వస్తే మాత్రం అన్నం మానేసి కుట్టేవారు.

ఎగతాళి చేసేవాళ్లవి తప్ప మిగతా చెవులన్నీ ఆయనకు ముద్దే. పాలవాణ్ణి ఆపి మరీ "ఎంత చక్కని చెవయ్యా నీది" అనేవారు. ఒక్క నర్సమ్మ చెవుల గురించే ఏనాడూ నోరు మెదపలేదు.

నర్సమ్మ కుడి చెవి తమ్మె రెండుగా చీలి ఉండేది. కూతురు చంటిదిగా ఉన్నప్పుడు బరువు కమ్మ పట్టుకుని లాగిన ఫలితం. దానిమీదికి జుట్టు దువ్వుకుని నెట్టుకొచ్చింది. 'పాలవాడి పాటి చెయ్యనా నేను' అని లోపల ఉక్రోషంగానే ఉండేది.

ఇప్పుడు ఆ కూతురికే పెళ్లి కుదిరింది. తన తల్లి కమ్మలు పెట్టుకుని పెళ్లిలో నిలబడాలని నర్సమ్మ ఆశ. కానీ ఎవరన్నారంటే ఎవర్ని తీసుకెళ్లాలి? అన్నవాళ్లే లేరే. చివరికి దూరాన ఉన్న ఆడపడుచు నెత్తిన రుద్దుదామనుకుని లోపలికెళ్లింది.

"డాక్టరుగారూ, నా చెవి కుట్టాలి. మా ఆడపడుచు..." అని నీళ్లు నమిలింది. "ఎవరూ అనలేదండీ. అమ్మ కమ్మలు పెట్టుకోవాలని నాకే ఉంది."

ఆయన అప్పటికే చేతులు కడుక్కుంటున్నారు. "కూర్చోమ్మా."

"ఎవర్నీ తీసుకురమ్మనరా?"

"నీకే కావాలంటే మధ్యలో ఇంకొకరెందుకు? ఊరివాళ్ల నోటికోసం చెవులు కోయించుకోవడానికొస్తారే, వాళ్లతోనే నా పేచీ."

"మరి ఇన్నేళ్లూ నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"నేనంటే నువ్వు నన్నే తీసుకురావాల్సొచ్చేదిగా" అంటూ ఆయన మత్తు సూది అందుకున్నారు.

గాయం పూర్తిగా మానాక మచ్చ పక్కన కొత్త రంధ్రం కూడా ఆయనే పొడిచారు. పెళ్లిరోజు నర్సమ్మ జుట్టు వెనక్కి దువ్వుకుని, రెండు కమ్మలతో ఎదురొచ్చింది. డాక్టరుగారు పెళ్లికూతుర్ని వదిలేసి ఆవిడ దగ్గరికే వచ్చారు.

"ఇప్పుడు చెప్పొచ్చా?"

"ఏమిటండీ?"

"నీ ఎడమ చెవి. మొదటిరోజు నుంచీ చూస్తున్నాను, అంత అందమైన చెవి ఈ ఊళ్లో లేదు. దాన్ని మెచ్చుకుంటే నువ్వు రెండోది తడుముకుంటావని నోరు కుట్టేసుకున్నాను. ఇన్నాళ్లూ కడుపు ఉబ్బిపోయిందనుకో."